బెంజ్ సర్కిల్‌లో లాస్ ఏంజిలెస్ దుకాణం వెతకమంటారా?

సంపాదకుల వారికి,

మీ ఆదివారం అనుబంధంలో ‘వైద్య గంజాయి వాడేవారికి ఉపయోగపడే యాప్‌లు’ అచ్చయి పది రోజులు దాటింది. తర్వాతి ఆదివారం సవరణ వేస్తారని చూస్తే, అదే చోట మిద్దె తోటల మీద వ్యాసం వచ్చింది. ఈ రెండూ కలిపి చదువుకున్న పాఠకుడు ఒక్కడున్నా వాడి గతేం కాను?

మొదట ఆ యాప్‌ల సంగతి. వీడ్‌మ్యాప్స్ 2008లో కాలిఫోర్నియాలో పుట్టింది. లైసెన్సు ఉన్న గంజాయి దుకాణం ఎంత దూరంలో ఉందో చూపించడం దాని పని. లీఫ్లీ కూడా 2010లో కాలిఫోర్నియాలోనే మొదలై, తర్వాత సియాటిల్‌కి మారింది. ఏ రకం ఎలా పనిచేసిందో వాడినవాళ్ళు అందులో చెప్పుకుంటారు. అక్కడ రెండూ పనికొచ్చేవే. కాలిఫోర్నియా 1996లోనే ఓట్లు వేసుకుని మరీ వైద్యానికి అనుమతి ఇచ్చుకుంది. మన విజయవాడ బెంజ్ సర్కిల్‌లో నిలబడి ఫోను తీసినవాడికి వాటిలో ఏం కనబడాలని మీ ఉద్దేశం? పైగా ‘యాప్‌లోనే ఆర్డరు పెట్టుకోవచ్చు’ అని రాశారు. ఆ మాట అమెరికావాడికి కూడా సగమే నిజం. గూగుల్ ప్లే 2019 నుంచీ యాప్ లోపల గంజాయి అమ్మకాన్ని ఒప్పుకోవడం లేదు. ఆపిల్ 2021లో ఒప్పుకుంది గానీ, చట్టం అనుమతించిన ప్రాంతాల వరకే. ఆ వ్యాసం అనువాదం చేసినవారు మూలం ఏ ఏడాదిదో చూసుకోలేదని తెలిసిపోతోంది.

అన్నిటికన్నా ఘోరం మొక్క పెంచేవాళ్ళ డైరీ యాప్‌ని కూడా ‘ఉపయోగకరం’ అనడం. ఎన్నిరోజులకి నీళ్ళు పెట్టాలో గుర్తు చేస్తుందట! మన దగ్గర పెరట్లో ఒక్క మొక్క పెంచినా 1985 నాటి మాదకద్రవ్యాల చట్టం (ఎన్‌డీపీఎస్) 20వ సెక్షన్ కింద పదేళ్ళ దాకా కఠిన కారాగారం, లక్ష రూపాయల దాకా జరిమానా. తులసి వనంలో గంజాయి మొక్క అని మనం సరదాగా అనుకుంటాం. కోర్టు సామెతలు వినదు. ఎండిన పూగుత్తి కిలో లోపు దొరికినా ఏడాది దాకా జైలు, పదివేల దాకా జరిమానా, లేదంటే రెండూ. నొప్పికి తాగాను బాబూ అంటే దానికి 27వ సెక్షన్ వేరే ఉంది. జిల్లా పేజీలోనేమో పట్టుబడ్డ ప్యాకెట్ల ఫొటో, 1972కి ఫోన్ చెయ్యండని రాష్ట్ర మాదకద్రవ్యాల నిరోధక విభాగం ‘ఈగల్’ పిలుపు. అనుబంధంలోనేమో దుకాణం వెతుక్కునే యాప్. రెండు పేజీలూ ఒకే ప్రెస్సులో అచ్చవుతున్నాయనే అనుకుంటున్నాం.

మరి ఇక్కడ చట్టబద్ధంగా దొరికేది ఏమీ లేదా అంటే ఉంది, ఆ ముక్కే మీ వ్యాసంలో లేదు. చట్టం లెక్కలో గంజాయి అంటే పూత, కాత ఉన్న కొమ్మ చివర్లు. చరస్ అంటే దాని బంక. పూత కలవని విడి ఆకు, గింజ ఆ నిర్వచనంలోకి రావు. ఆకు మీద పెత్తనం రాష్ట్రాల ఎక్సైజు చట్టాలది. అందువల్లే భంగాకు ఆయుర్వేదంలో ‘విజయ’ పేరుతో నిలిచింది. (బెజవాడకీ దానికీ చుట్టరికమేమీ లేదు.) జాతీఫలాది చూర్ణంలో పడేది అదే. ఇప్పుడు ఆ ఆకు సారాన్ని నూనెలో కలిపి, సీసాలకెత్తి, డాక్టరు చీటీ మీద అమ్ముతున్నారు. యాప్ కావలసింది ఈ సీసా వాడేవాళ్ళకి. వాళ్ళకి ఏ దుకాణమూ వెతికిపెట్టనక్కర్లేదు, లెక్క తప్పకుండా చూస్తే చాలు.

ఎందుకంటే తప్పులన్నీ లెక్కలోనే జరుగుతాయి. 30 మిల్లీలీటర్ల సీసా మీద 1500 మిల్లీగ్రాములు అని ఉందనుకోండి. మిల్లీలీటరుకి 50. ఇరవై చుక్కలు ఒక మిల్లీలీటరని లెక్కగడితే చుక్కకి రెండున్నర. కానీ ఆ ఇరవై చుక్కల లెక్క నీళ్ళకి. నూనె చుక్క డ్రాపరు మూతిని బట్టి లావూ సన్నమూ అవుతుంది. అందుకని చుక్కలు లెక్కపెట్టడం మాని, మందుల షాపులో ఒక మిల్లీలీటరు సిరంజి కొని సూది తీసేసి కొలవాలి. దాని మీద 0.1 గీత దగ్గర 5 మిల్లీగ్రాములు. యాప్‌లో రాసుకోవలసింది చుక్కలు కాదు, మిల్లీగ్రాములు. సీసా మారినా, గాఢత మారినా అప్పుడే పాత డైరీ పనికొస్తుంది. ఇంకో మెలిక ఉంది. ఆ 1500 మొత్తం సారం బరువా, అందులోని సీబీడీ (మత్తు ఎక్కించని పదార్థం) బరువా, టీహెచ్‌సీ (మత్తు ఎక్కించేది) ఎంత? చాలా సీసాల మీద సారం బరువే వేస్తారు. బ్యాచ్ నంబరు చెప్పి ల్యాబ్ రిపోర్టు అడగాలి. ఇవ్వనంటే ఆ సీసా కొనకూడదు.

షాపింగ్ యాప్‌లలో దీని పక్కనే గింజల నూనె కూడా కనబడుతుంది. అదే ఆకు బొమ్మ, అంతే సీసా. గింజనీ గింజల నూనెనీ 2021లో దేశ ఆహార భద్రతా సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ ఆహారంగా ఒప్పుకుంది. ఆహారంగా మంచిదే, నొప్పికి మందు కాదు. ధర చూసి మురిసిపోయి తెప్పించుకునేది ఎక్కువగా దాన్నే.

ఇక విదేశీ డైరీ యాప్‌లు (కెనడాలో స్ట్రెయిన్‌ప్రింట్, అమెరికాలో రిలీఫ్ యాప్ ఆ కోవలో వచ్చినవే) వాడాలనుకుంటే ముందు సెట్టింగుల్లోకి వెళ్ళాలి. బరువు పౌండ్లలో అడిగే యాప్‌లో మనవాళ్ళు 60 అని కొడితే యాప్ దృష్టిలో మనిషి 27 కిలోలు. బరువుని బట్టి మోతాదు చెప్పే యాప్ అయితే సగానికి సగం తప్పు. తేదీ అమెరికా పద్ధతిలో ఉంటే ఏప్రిల్ 5న తిన్న మందు మే 4కి పోతుంది. డాక్టరు ఆ కాగితం చూసి తల పట్టుకోవడం ఖాయం.

టైమరు తప్పనిసరి. మింగిన మందు పనిచెయ్యడానికి రెండు గంటల దాకా పట్టవచ్చు. అరగంట చూసి ‘ఏమీ తెలియడం లేదు’ అని ఇంకాస్త వేసుకోవడంతోనే కళ్ళు తిరగడం, గుండె దడ, పెద్దవాళ్ళైతే బాత్‌రూములో పడిపోవడం. ఫోనులో మామూలు అలారం చాలు, రెండు గంటలకి పెట్టుకుని ఆ లోపు సీసా ముట్టకూడదు. అన్నం ముందా తర్వాతా అన్నది కూడా రాయాలి. కొవ్వు ఎక్కువున్న భోజనంతో సీబీడీ ఒంటికి పట్టడం నాలుగింతల దాకా పెరుగుతుందని అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2018లో అనుమతించిన సీబీడీ మూర్ఛ మందు కరపత్రంలోనే ఉంది. పరగడుపున సోమవారం, నెయ్యన్నం మీద మంగళవారం వేసుకుని, మందు ఒకలా పనిచెయ్యడం లేదంటే తప్పు మందుది కాదు.

ఒక మందు ఇంకో మందుతో పడుతుందో లేదో చూసే యాప్‌లే అసలు పనికొచ్చేవి. మీ వ్యాసం వాటి ఊసే ఎత్తలేదు. వాటిలో కంపెనీ పేరు కొడితే రాదు, స్ట్రిప్ మీద చిన్నక్షరాల్లో ఉండే అసలు మందు పేరు కొట్టాలి. మన పారాసెటమాల్ వాళ్ళకి ఎసిటమినోఫెన్. మన సాల్బ్యుటమాల్ వాళ్ళకి ఆల్బ్యుటెరాల్. సీసా వైపు నుంచి ‘కానబిడయాల్’ (సీబీడీ పూర్తి పేరు), ‘టీహెచ్‌సీ’ రెండూ విడివిడిగా కొట్టి చూడాలి. రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే వార్ఫరిన్ వాడేవాళ్ళకి సీబీడీతో రక్తం మరీ పల్చబడవచ్చు, రక్తం ఎంత పల్చగా ఉందో చూసే ఐఎన్‌ఆర్ పరీక్ష ముందుకు జరుపుకోవాలి. మూర్ఛకి క్లోబజామ్ వాడితే మగత పెరుగుతుంది. వాల్‌ప్రోయేట్ వాడితే లివరు పరీక్ష చేయిస్తూ ఉండాలి. యాప్ ఎర్రగీత చూపిస్తే డాక్టరుకి చూపించాలి గానీ, సొంతంగా రెండిట్లో ఒకటి ఆపేయకూడదు. మూర్ఛ మందు ఉన్నట్టుండి ఆపితే ఫిట్స్ తిరగబెడతాయి.

గోప్యత గురించి రెండు మాటలు. మందు డైరీకి లొకేషన్ ఎందుకు, కాంటాక్టులు ఎందుకు? రెండూ ఆపెయ్యాలి. లాక్ స్క్రీన్ మీద మందు పేరు కనబడకుండా నోటిఫికేషన్ ‘మాత్ర వేళ’ అని మార్చుకోవాలి. నెలకోసారి డైరీని పీడీఎఫ్‌గా దించుకోవాలి, ఇలాంటి యాప్‌లు చెప్పాపెట్టకుండా మూతపడతాయి. డాక్టరు రిజిస్ట్రేషన్ నంబరు కనబడే చీటీ, బిల్లు, సీసా లేబులు ఫొటోలు ఫోనులో ఉండాలి, ఒరిజినల్స్ సంచీలో ఉండాలి. వేరే సీసాలోకి ఒంపుకుని ప్రయాణం కట్టకూడదు. తనిఖీ చేసే కానిస్టేబులుకి ఆకుకీ పూతకీ తేడా మనం వివరించే పరిస్థితి రాకూడదు.

ఇంతా చేసి, ఆ లేబులు ఎవరి కోసం? విషద్రవ్యాల జాబితా అయిన షెడ్యూల్ ఈ(1)లో ఉన్న మందు కాబట్టి ‘వైద్య పర్యవేక్షణలో మాత్రమే వాడాలి’ అన్న హెచ్చరిక సీసా మీద తప్పనిసరి. ఏ భాషలో? ఇంగ్లీషులో, హిందీలో. నిబంధనే అలా ఉంది. ప్రత్తిపాడులో, రేపల్లెలో మందు వాడే ముసలావిడ ఏది చదవాలి? పురుగుమందు డబ్బాలో పెట్టే కాగితంలోనైనా తెలుగు కనబడుతుంది. మనుషులు తాగే మందుకి ఆ పాటి యోగం లేదు. అడిగితే ‘యాప్ వస్తోంది’ అంటారు. మన దగ్గర ప్రతి శాఖకీ ఒక యాప్, ప్రతి యాప్‌కీ ఒక ఆవిష్కరణ సభ, శాలువాలు, ఫొటోలు. ఆర్నెల్లకి లింకు నొక్కితే తెల్ల పేజీ. ఫిర్యాదు పెడితే మర్నాటికి ‘పరిష్కరించబడింది’ అని మెసేజి, మురుగు మాత్రం రోడ్డు మీదే. 2014లో అదే మాదకద్రవ్యాల చట్టం సవరించి క్యాన్సర్ నొప్పికి మార్ఫిన్ అందడం సులువు చేశామన్నారు. గుర్తింపు ఉన్న ఆసుపత్రులు మన చుట్టుపక్కల జిల్లాల్లో ఏవో, ఏ రోజు మందు ఉంటుందో తెలుగులో చెప్పే ఒక్క యాప్ ఉంటే దాని గురించి రాయండి, పత్రిక కత్తిరించి దాచుకుంటాం.

సవరణ మొదటి పేజీలో వెయ్యమనడం లేదు. అదే అనుబంధంలో అదే అరపేజీ ఇవ్వండి. సిరంజి కొలత బొమ్మ, రెండు గంటల టైమరు, వార్ఫరిన్ పేరు పెద్దక్షరాల్లో. మిద్దె తోటలు ఇంకో ఆదివారానికి ఆగుతాయి.

— ఒక పాఠకుడు,
సూర్యారావుపేట, విజయవాడ