ఇల్లంతా ఒక్కరోజులో కడగమని రాయకండి

సంపాదకుడు గారికి నమస్కారం.

ఒడిశాలో ఉన్న పర్లాకిమిడి నుంచి రాస్తున్నాను. మీ పత్రిక మాకు పాతపట్నం మీదుగా వస్తుంది. పొద్దున్నే అరుగు మీద పడేసరికి నేను కళ్లాపి జల్లి, చేయి కడుక్కుని సిద్ధంగా ఉంటాను. ఇన్నేళ్లుగా చదువుతున్నా మీకు ఎప్పుడూ ఉత్తరం రాయలేదు. మొన్న మహిళల పేజీలో పండగకి ఒక్కరోజులో ఇల్లంతా శుభ్రం చేసుకోవడం ఎలాగో వేశారు. రాసినావిడ మంచి మనసుతోనే రాశారు. కానీ అది చదివిన దగ్గర్నుంచి నా మనసు మనసులో లేదు. మా ఇంట్లో ఆ ఒక్కరోజు ఏం చేసిందో చెప్పాలనే ఈ ఉత్తరం.

రెండేళ్ల కిందటి మాట. మార్గశిరం మొదటి లక్ష్మివారానికి ముందు రోజు. మా వైపు గురువారాన్ని లక్ష్మివారమనే అంటాం. మార్గశిరంలో వచ్చే లక్ష్మివారాలన్నీ మాకు పండగలే. పక్కింటి ఒడియావాళ్లకీ అంతే. వాళ్లు మాణబసా అంటారు. మాణ అనే కొలత బుట్టలో కొత్త వడ్లు పోసి, దాన్నే లక్ష్మిగా నిలిపి పూజ చేస్తారు. నానబెట్టిన బియ్యం రుబ్బి, ఆ పిండితో గుమ్మం నుంచి దేవుడి మూల దాకా అమ్మవారి పాదాలు వేస్తారు. ముందు రోజు బుధవారం మా వీధి వీధంతా నీళ్ల చప్పుడూ చీపుర్ల చప్పుడే.

మా కోడలు ఒక ప్రైవేటు బడిలో టీచరు. పొద్దున ఏడున్నరకి వెళ్తే సాయంత్రం నాలుగున్నరకి వస్తుంది. ఆ ఏడాది నాకు మోకాళ్ల నొప్పి ఎక్కువై వంగలేకపోయేదాన్ని. వర్షాకాలం పోయినా ఇంట్లో బూజు అలాగే ఉంది. బాత్‌రూం గచ్చు మీద పచ్చటి గార కట్టింది. మంగళవారం రాత్రి నేనే అన్నాను, "ఇల్లు ఇలా ఉంటే అమ్మవారు గుమ్మం ఎక్కుతుందా అమ్మా" అని. ఆ మాట అనకుండా ఉండాల్సింది. తను మారు మాట్లాడలేదు. బడికి ఒక పూట సెలవు చెప్పి బుధవారం తెల్లవారుజామున నాలుగింటికే లేచింది.

బూజులు, అల్మరాలు, పూజ సామాను, వంటగది గట్టు, నాలుగు గదుల నేల. పదకొండయ్యేసరికి మిగిలింది బాత్‌రూం. ముందు బ్లీచింగ్ పౌడర్ జల్లి రుద్దింది. గార వదల్లేదు. సైకిల్ మీద వచ్చే అతని దగ్గర కొన్న యాసిడ్ సీసా మూల ఉంది. పాత కూల్‌డ్రింక్ సీసాలో పోసి అమ్ముతారు, దాని మీద చీటీ ముక్క కూడా ఉండదు. ఆ బ్లీచింగ్ మీదే యాసిడ్ పోసింది. నీళ్లు బయటికి చిందకుండా తలుపు దగ్గరగా వేసి ఉంచింది. మా బాత్‌రూంకి అప్పుడు పైన జానెడు వెంటిలేటరే, దానికీ అట్టముక్క అడ్డం.

దగ్గు వినపడింది. దుమ్ముకి దగ్గుతోందనుకుని నేను ఇత్తడి చెంబు తోముకుంటూ కూర్చున్నాను. ఆ రెండు నిమిషాలు ఇప్పటికీ నన్ను వదలవు. తరవాత బకెట్ దొర్లిన చప్పుడైంది. మావారు వెళ్లి తలుపు తోస్తే లోపల పసుపు పచ్చని పొగ. గొంతులో కారం కొట్టినట్టు ఘాటు. తను గోడకి జారిపోయి కూర్చుంది, కళ్లు తెరవలేకపోతోంది. ఎత్తి అరుగు మీదకి తెచ్చి, చెంబులతో కళ్లల్లో నీళ్లు పోస్తూనే ఉన్నాం. ఆటోలో ఆసుపత్రికి తీసుకెళ్తే వెంటనే ఆక్సిజన్ పెట్టారు. డాక్టరు అడిగిన మొదటి మాట, "ఏమేం కలిపారు?"

ఆయన చెప్పింది మీ పాఠకులందరికీ తెలియాలి. బ్లీచింగ్ పౌడర్‌కి యాసిడ్ తగిలితే క్లోరిన్ వాయువు పుడుతుంది. అది గాలికన్నా రెండింతలు పైగా బరువు. పైకి పోదు, నేలనే పట్టుకుని ఉంటుంది. అంటే గొంతుక్కూర్చుని తోమేవాళ్ల ముఖానికే ముందు తగులుతుంది. కళ్లు, ముక్కు, ఊపిరితిత్తుల తడి తగలగానే అక్కడే మళ్లీ యాసిడ్‌గా మారి కాలుస్తుంది. 1915లో మొదటి ప్రపంచ యుద్ధంలో సైనికుల మీదకి వదిలింది ఈ వాయువునేనని మావారు చెప్పినప్పుడు నాకు ఒళ్లు జలదరించింది. యాసిడ్ అంటే సైకిల్ మీద అమ్మేదొక్కటే కూడా కాదు. టాయిలెట్ కడిగే లిక్విడ్లు చాలావాటిలో ఉండేదీ యాసిడే. ఒకటి పోస్తే రెండోది పోయకూడదు. ఎప్పుడైనా పొరపాటున కలిసిందా, నీళ్లు కొట్టి సర్దుదామని అక్కడే నిలబడకూడదు. తలుపు తీసి బయటి గాలిలోకి వచ్చేయాలి, కళ్లు మండితే ధారగా నీళ్లు పోస్తూ ఉండాలి, ఊపిరి బరువుగా ఉంటే ఆసుపత్రికి వెళ్లాలి.

ఆ రాత్రి తను ఆసుపత్రిలోనే ఉంది. తెల్లారితే లక్ష్మివారం, మా వాకిట్లో ముగ్గు పడలేదు. పక్కింటావిడ వచ్చి, ఏమీ అడక్కుండా, మా గుమ్మంలో కూడా పాదాలు వేసి వెళ్లింది. సాయంత్రం వాళ్లింట్లో లక్ష్మి కథ చదువుతుంటే గోడ ఇవతల కూర్చుని విన్నాను. అమ్మవారు తెల్లవారుజామున ఊరంతా తిరిగి చూస్తే గొప్పవాళ్ల ఇళ్లు ఊడ్చకుండా నిద్రపోతుంటాయి. ఊరి చివర శ్రియ అనే చండాల స్త్రీ అలికి, పద్మం ముగ్గు వేసిన గుడిసెలోకి వెళ్తుంది. ఏటా వినే కథే. ఆ రోజు మాత్రం నాకు ఇంకోలా తగిలింది. ఇల్లు ఊడ్చిన మనిషికి ఊపిరాడకుండా చేసిన ఇంట్లోకి ఆ తల్లి వస్తుందా అనిపించింది. తను ఇంటికి వచ్చాక కూడా నెలన్నర దాకా దగ్గు తగ్గలేదు. బడిలో పాఠం చెప్పలేక పిల్లలకి బోర్డు మీద రాసి చూపించేది.

ఇది ఎందుకు జరిగిందని చాలా రోజులు ఆలోచించాను. యాసిడ్ తప్పు ఉంది, నా మాట తప్పు ఉంది. కానీ అసలు సంగతి ఇంకొకటి. నేను కాపురానికి వచ్చింది 1983లో. అప్పుడు ఇది పెంకుటిల్లు, మట్టి నేల. మా అత్తగారూ నేనూ వారానికి రెండుసార్లు పేడతో అలికేవాళ్లం. మట్టి నేల వాయిదా వేయనివ్వదు. వారం దాటితే పొరలు లేస్తుంది, పిల్లల మోకాళ్లు తెల్లగా అవుతాయి, అన్నంలోకి దుమ్ము వస్తుంది. అలకాలంటే సామాను జరపాలి, జరిపితే దాని వెనక ఏముందో కనపడుతుంది. అంచేత ఇంట్లో ఏ మూలకీ వారం మించి మురికి ఉండేది కాదు. చాకిరీ ఉండేది, కాదనను. చేతులు పగిలేవి, ఆ రోజులు మళ్లీ రావాలని నేను కోరుకోను. కానీ ఒక్కరోజే ప్రాణం మీదకి వచ్చేటంత పని ఎప్పుడూ పోగయ్యేది కాదు.

తరవాత గచ్చు చేయించాం. అబ్బాయి పెళ్లికి టైల్స్ వేయించాం. గోధుమ రంగు చుక్కలవి ఏరుకున్నాం, మురికి కనపడదని షాపతను చెబితే. నిజంగానే కనపడదు. అలా కనపడని మురికి నెలల తరబడి పోగై ఒక బుధవారం మీద పడింది. ఆ బుధవారం మా ఇంట్లో ఒక్క మనిషి మీద పడింది.

ఇప్పుడు మా ఇంట్లో పని పండగని బట్టి లేదు, వారాన్ని బట్టి ఉంది. బాత్‌రూం మా అబ్బాయిది. వారానికి రెండుసార్లు, స్నానానికి ముందు పది నిమిషాలు, సబ్బు పొడీ బ్రష్షూ అంతే. మూడు నాలుగు రోజులకోసారి తోమే గచ్చుకి గార కట్టదు, కాబట్టి యాసిడ్ అవసరమే రాలేదు. కుళాయి మీద తెల్ల మరక కడితే పిండేసిన నిమ్మచెక్క రుద్ది పావుగంట ఉంచి కడుగుతాడు. అదీ పులుపే గనక బ్లీచింగ్ దగ్గరికి తేడు. వెంటిలేటర్ అట్ట ఆ వారమే పీకేశాం, తరవాత కిటికీ పెట్టించాం.

బూజు శనివారం. మంగళ, శుక్రవారాలు దులపకూడదని మా అత్తగారి మాట, నేనూ పాటిస్తాను. నెలలో నాలుగు శనివారాలు, మాకు నాలుగు గదులు. వారానికి ఒక గది వంతు. ఫ్యాన్లు మావారు చూస్తారు. ఈ పద్ధతి మీ పాఠకులు ఒకసారి చేసి చూడాలి. పాత దిండు గలీబు తీసుకుని రెక్కకి సంచిలా తొడిగి, పైనా కిందా అరచేతులతో అదిమి మెల్లగా లాగాలి. దుమ్మంతా గలీబు లోపలే ఉండిపోతుంది, మంచం మీద ఒక్క నలక పడదు. పెరట్లోకి తీసుకెళ్లి తిరగేసి దులిపితే సరి. ఇదివరకు తడిగుడ్డతో తుడిస్తే సగం మట్టి మా తల మీదే పడేది. ఏదైనా పైనుంచి కిందకి రావాలి, నేల ఆఖర్న ఊడవాలి. నేల ముందు ఊడ్చి తరవాత బూజు దులిపే ఇళ్లు మా వీధిలో ఇంకా ఉన్నాయి.

ఊడ్చేది నేనే, ఇప్పుడు మోకాలు కొంచెం నయం. కొండచీపురు సవర ఆడవాళ్ల దగ్గర కొంటాను. కోతలయ్యాక కొండల మీంచి కట్టలు తలకెత్తుకుని తెస్తారు. దాని నూగు మొదటి వారం రాలుతుంది, అంచేత కొత్తది తెచ్చాక పెరటి గోడకి నాలుగు దెబ్బలు కొట్టి అప్పుడు ఇంట్లోకి తెస్తాను. వాకిలికి కొబ్బరి ఈనెల చీపురు వేరే. రాత్రి అంట్లు ఉంచం, మసిగుడ్డ రోజూ ఉతికి ఎండలో ఆరేస్తాం. వంటింటి సంగతి అంతకన్నా చెప్పక్కర్లేదు.

ఆదివారం నీళ్ల పని, అది మావారిదీ మా మనవడిదీ. మా వీధిలో కుళాయి వచ్చే వేళ కొద్దిసేపే కాబట్టి ప్రతి ఇంట్లో డ్రమ్ములు, గోళేలు తప్పవు. డెంగీ దోమ కాలవ మురుగులో కాదు, ఇలా మనం దాచుకున్న మంచినీళ్లలోనే పుడుతుంది. గుడ్డు నీటి గీతకి కాస్త పైన గోడకి అంటుకుని ఉంటుంది. నీళ్లు పారబోసినా ఆ గుడ్డు పోదు. ఎండిపోయి నెలల తరబడి బతికి, మళ్లీ నీళ్లు తగలగానే పిల్ల అవుతుంది. మన వేడికి వారం, పది రోజుల్లో దోమై ఎగిరిపోతుంది. అందుకే వారానికోసారి ఖాళీ చేసి, లోపలి గోడని పీచుతో గట్టిగా రుద్ది, ఆరనిచ్చి మళ్లీ పట్టాలి. మావారు డ్రమ్ము పడుకోబెట్టి తల లోపల పెట్టి రుద్దుతుంటే, మనవడు మిగతావి వెతుకుతాడు. తులసి కుండీ కింద పళ్లెం, పెరట్లో కొబ్బరి చిప్పలు, ఫ్రిజ్ వెనక నీళ్లు కారే డబ్బా. ఆ ఫ్రిజ్ డబ్బా సంగతి నాకు అరవై ఏళ్లొచ్చినా తెలీదు. మొదటి ఆదివారం లాగి చూస్తే అందులో దోమ పిల్లలు గింగిర్లు కొడుతూ ఉన్నాయి.

కోడలికి ఏం మిగిలిందని అడుగుతారేమో. బట్టల అల్మరాలు, పూజ సామాను. అదీ నాతో కలిసే. కిందటేడు మార్గశిరం బుధవారం తను మామూలుగా బడికి వెళ్లింది. సాయంత్రం వచ్చాక మేమిద్దరం కూర్చుని చింతపండుతో కుందులు తోముకున్నాం. మర్నాడు పొద్దున తనే ముగ్గు వేసింది.

ఇక మిమ్మల్ని కోరేది. శుభ్రత గురించి రాసేవి పండగ ముందు వారమే, మహిళల పేజీలోనే వేస్తున్నారు. అది చదివి నాలాంటి అత్తగార్లు కోడళ్లకి చూపిస్తారు. ఏడాది పొడవునా, ఇంటిల్లిపాదీ చదివే పేజీలో వేయండి. మా అబ్బాయి మహిళల పేజీ తిప్పి కూడా చూడడు, బాత్‌రూం కడిగేది అతనే.

రెండోది మరీ ముఖ్యం. యాసిడ్, బ్లీచింగ్ కలపకూడదన్న హెచ్చరిక పెద్ద అక్షరాల్లో తెలుగులో వేయండి. కంపెనీ సీసాల మీద ఉండే హెచ్చరిక చీమ తలంత అక్షరాల్లో, ఎక్కువగా ఇంగ్లీషులో ఉంటుంది. సైకిల్ మీద వచ్చే సీసాకి అదీ లేదు. పర్లాకిమిడి, కాశీనగర్, గుణుపూర్, రాయగడ, ఇక్కడ మా ఇళ్లల్లో పెద్దవాళ్లం తెలుగు చదువుతాం, పిల్లలు బడిలో ఒడియా చదువుతారు, ఇంగ్లీషు చదివి అర్థం చేసుకునేవాళ్లు ఇంటికి ఒకరో ఇద్దరో. మీరు వేస్తే కత్తిరించి బాత్‌రూం తలుపులకి అంటించుకుంటాం. ఈ ఏడు మార్గశిరం రాకముందే వేస్తే ఎంతో మేలు.

మా ఇంట్లో బ్లీచింగ్ డబ్బా ఇప్పుడు వరండాలో పై అరలో ఉంటుంది, మూత గట్టిగా బిగించి. దాని మీద మందుల అట్టపెట్టె ముక్క అంటించాం. పైన నేను తెలుగులో "యాసిడ్ కలపొద్దు" అని రాశాను. కింద మా మనవడు అదే మాట ఒడియాలో రాసి, నీళ్లకి చెరగకుండా టేపు వేశాడు.

ఇట్లు,
ఒక పాఠకురాలు,
పర్లాకిమిడి, గజపతి జిల్లా, ఒడిశా.