సముద్రం ఒడ్డు ఇంటికి రంగులు సరే, స్క్రూల మాటేమిటి?

సంపాదకులకు,

రుషికొండ, భీమిలి వైపు విల్లాల ఫొటోలు పత్రికల ఆదివారం పేజీల్లో తరచుగా కనిపిస్తున్నాయి. సొరుగుకో రంగు గుబ్బ, దీపానికి లక్క పూసల దండలు, నేల మీద పూల టైళ్ళు. చూడ ముచ్చటగానే ఉంటాయి. తెల్ల గోడలు, బూడిదరంగు సోఫాలు చూసి చూసి విసుగెత్తిన కళ్ళకు ఆ అల్లరి రంగులు కావలసిందే. అయితే ఆ ఫొటోలు తీసేది ఇల్లు కొత్తగా ఉన్నప్పుడు. రెండు వానాకాలాలు గడిచాక అవే వస్తువులు ఎలా ఉంటాయన్నది ఆ పేజీలకు ఎక్కదు. ఈ పనులు చేసేవాళ్ళుగా కొన్ని వివరాలు పాఠకులకు చెప్పదలిచాం.

ఏటికొప్పాక గుబ్బలతో మొదలుపెడదాం. లేత్ మీద తిరుగుతున్న అంకుడు కర్రకు రంగు లక్క కడ్డీని ఆనిస్తే, రాపిడి వేడికే లక్క కరిగి పడుతుంది. మొగలి ఆకుతో మెరుగు పెడతారు. 2017లో భౌగోళిక గుర్తింపు పొందిన ఈ పనిలో లోపమేమీ లేదు. లోపమల్లా గుబ్బను తలుపుకు పట్టి ఉంచే స్క్రూలో ఉంటుంది. దుకాణంలో గుబ్బతోపాటు ఇచ్చేది చాలాసార్లు జింకు పూత వేసిన ఇనుప స్క్రూ. ఉప్పుగాలికి పూత పోయి తుప్పు పట్టిందంటే ఇనుము ఉబ్బుతుంది. అంకుడు మెత్తని కర్ర, ఆ ఒత్తిడికి లోపలి నుంచి పగులుతుంది. పగులు పైన రంగులో కనబడేసరికి అందరూ లక్కనే తిడతారు.

స్క్రూ 316 గ్రేడు స్టెయిన్‌లెస్‌ది వాడాలి. మామూలుగా దొరికే 304 గ్రేడు తీరంలో గోధుమరంగు మచ్చలు తేలుతుంది. 316లో 2 నుంచి 3 శాతం మాలిబ్డినం అనే లోహం ఉండటం వల్ల ఉప్పును తట్టుకుంటుంది. అయస్కాంతం పెట్టి చూస్తే ఈ రెండింటి తేడా తెలియదు. ప్యాకెట్ మీద 316కు గుర్తయిన ‘ఏ4’ (A4) అని ఉందేమో చూడాలి, బిల్లులో గ్రేడు రాయించుకోవాలి. 18 మిల్లీమీటర్ల తలుపుకు 4 మిల్లీమీటర్ల మందం, 30 పొడవు ఉన్న స్క్రూ అయితే గుబ్బలోకి 12 మిల్లీమీటర్లు దిగుతుంది. 25 పొడవుది వేస్తే పట్టు చాలక, గట్టిగా లాగినప్పుడు గుబ్బ చేతికొస్తుంది. స్క్రూను నేరుగా కర్రలోకి బిగించకుండా గుబ్బలో చిన్న ఇత్తడి నట్టు దించితే, ఎన్నిసార్లు విప్పి బిగించినా మర అరిగిపోదు. గుబ్బ అడుగున లక్క పడని పచ్చి కర్ర ఉంటుంది. చెమ్మ పీల్చేది అక్కడే కాబట్టి దానికీ ఒక పూత వేయించండి.

శుభ్రం చేయడంలో ఇంకో చిక్కు ఉంది. లక్క స్పిరిట్‌లో, అంటే ఆల్కహాల్‌లో, కరుగుతుంది. శానిటైజర్ చేతులతో రోజూ ముట్టుకున్నా, అద్దాలు తుడిచే ద్రవం చల్లినా మెరుపు పోయి జిగురుగా తయారవుతుంది. పొడి నూలు గుడ్డ చాలు. విశాఖలో సముద్రం తూర్పున ఉంది, అంటే సముద్రం వైపు అద్దాల్లోంచి ఉదయపు ఎండ నేరుగా లోపలికి పడుతుంది. పసుపుతో చేసిన రంగు ఎండకు నిలవదు. నీలిమందు నయం. పసుపుపచ్చ గుబ్బలను ఎండ పడని గోడ వైపు పెట్టండి. లక్క పూసల దీపాల్లో ఎల్ఈడీలే వాడాలి, హాలోజెన్ వేడికి లక్క మెత్తబడుతుంది.

ఇక టైళ్ళు. తమిళనాడు శివగంగ జిల్లా ఆత్తంగుడి నుంచి తెప్పించే పూల టైలును కాల్చరు. గాజు పలక మీద రంగు సిమెంటు పోసి, వెనక ఇసుక, సిమెంటు నింపి, నీళ్ళలో నానబెట్టి ఆరబెడతారు. అంటే పైన కనిపించే రంగు కూడా సిమెంటే. పరిచాక మరకలు పోవడానికి మేస్త్రి అలవాటుగా యాసిడ్ పోస్తాడు, అది రంగు సిమెంటును తినేసి టైలు వెలిసిపోతుంది. మిషన్ పాలిష్ కూడా వద్దు, రంగు పొర మందం కొద్ది మిల్లీమీటర్లే. బాత్‌రూముకు ఈ టైలు అసలే వద్దని మా మాట. టాయిలెట్ కడిగే ద్రవాల్లో ఎక్కువగా ఉండేది హైడ్రోక్లోరిక్ ఆమ్లమే.

టైళ్ళ కింద వేసే ఇసుక, సిమెంటు పరుపుకు తీరం ఇసుక వాడితే అందులోని ఉప్పు చెమ్మతోపాటు పైకొచ్చి తెల్లగా పూస్తుంది. నదీ ఇసుక వాడినా పరుపు ఆరకముందే సీలర్ (టైలు రంధ్రాలు మూసే పూత) కొడితే చెమ్మ లోపలే చిక్కుకుని మచ్చలు పడతాయి. అడుగు చదరం పాలిథిన్ ముక్కను నేలకు నాలుగు అంచులా టేపుతో అంటించి రాత్రంతా వదిలేయండి. ఉదయం లోపలివైపు చుక్కలు కనిపిస్తే ఇంకా ఆరలేదన్నట్టే. కొత్త గోడకు ముదురు రంగు వేసేముందు కూడా ఇదే పరీక్ష పనికొస్తుంది. అల్మారాలకు నీటిని తట్టుకునే ఐఎస్ 710 రకం మెరైన్ ప్లైవుడ్ వాడండి, చెక్క పీచును అదిమి చేసే ఎండీఎఫ్ పలక తీరంలో ఉబ్బిపోతుంది.

గోడల్లో గవ్వలు పొదిగించుకునేవారు ముందు వాటిని మంచినీళ్ళలో, నీళ్ళు మారుస్తూ, కొన్నాళ్ళు నానబెట్టాలి. లేకపోతే వాటిలోని ఉప్పు చుట్టూ ఉన్న ప్లాస్టరును పెచ్చులూడగొడుతుంది. పగడపు రాళ్ళ జోలికి మాత్రం పోవద్దు. వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద అవి ఇంట్లో ఉండటమే నేరం. అమ్మేవాళ్ళు ఈ సంగతి చెప్పరు.

మీ గృహాలంకరణ పేజీలకు మా విన్నపం ఒక్కటే. ఫొటో కింద డిజైనర్ పేరుతోపాటు వస్తువు దేనితో చేశారు, ఎలా బిగించారు, ఎలా తుడవాలి అన్నవి రెండు వాక్యాల్లో వేయండి. గుబ్బలు అమ్మే దుకాణాలు కూడా 316 స్క్రూలనే జతచేసి ఇవ్వాలి. దానివల్ల ధర కాస్త పెరిగినా సముద్రానికి ఎదురుగా విల్లా కట్టుకున్నవారికి అది లెక్కలోకి రాదు.

ఇట్లు,
ఇంటీరియర్ పనివారు,
భీమిలి బీచ్ రోడ్డు, విశాఖపట్నం