షుగర్‌ల్యాండ్ బీడు భూమిలో పుట్టలేదు

సంపాదకుల వారికి నమస్కారం.

మొన్న ఆదివారం మీ ప్రవాసుల పేజీలో మా ఊరు, టెక్సస్‌లోని షుగర్‌ల్యాండ్ మీద వచ్చిన కథనం చదివాను. గుడి, బతుకమ్మ, స్కూళ్లు, ఇళ్ల రేట్లు అన్నీ బాగానే రాశారు. కానీ "ఒకప్పుడు ఇదంతా బీడు భూమి" అన్న ముక్క దగ్గర నాకు చిర్రెత్తుకొచ్చింది. బీడు కాదండీ, చెరకు తోటలు. ఊరి పేరులోనే ఉంది కదా పంచదార! ఆ తోటల్లో పనిచేసి చచ్చిపోయినవాళ్ల శ్మశానం మన పిల్లలు చదివే స్కూల్ డిస్ట్రిక్ట్ (ఇక్కడి ప్రభుత్వ బడుల్ని నడిపే సంస్థ) స్థలంలోనే బయటపడింది.

2018 ఫిబ్రవరిలో ఫోర్ట్ బెండ్ స్కూల్ డిస్ట్రిక్ట్ వాళ్లు టెక్నికల్ సెంటర్ కోసం తవ్విస్తుంటే మనిషి ఎముక కనిపించింది. తవ్వేకొద్దీ సమాధులు, మొత్తం 95. దాదాపు అందరూ మగవాళ్లు, నల్లజాతివాళ్లు. చిన్నవాడికి 14 ఏళ్లు ఉంటాయట, పెద్దాయనకి 70 దాకా. వీళ్లు బానిసలు కారు, ఖైదీలు. 1865లో బానిసత్వం రద్దు చేసిన రాజ్యాంగ సవరణలోనే "నేరానికి శిక్షగా తప్ప" అని ఒక సందు వదిలేశారు, ఆ సందులోంచే చిన్నాచితకా కేసుల్లో ఇరుక్కున్న నల్లవాళ్లని మళ్లీ తోటల్లోకి తోశారు. 1878లో కన్నింగ్‌హామ్, ఎల్లిస్ అనే ఇద్దరు యజమానులు టెక్సస్ ఖైదీలందరినీ ప్రభుత్వం దగ్గర కౌలుకి తీసుకున్నారు. పొలం కౌలు మనకి తెలుసు, ఇది మనుషుల కౌలు! సొంత బానిస చస్తే యజమానికి డబ్బు పోయినట్టు, కౌలు ఖైదీ చస్తే ఏముంది, జైలు ఇంకొకణ్ణి పంపిస్తుంది.

మా నాన్న అనకాపల్లి దగ్గర చెరకు రైతు. కిందటేడు వచ్చినప్పుడు ఆయన్ని ఆ శ్మశానం దగ్గరికి తీసుకెళ్లాను. ఎక్కువ మాట్లాడలేదు. "బురద నేలా?" అని అడిగారు. అవును నాన్నా, బ్రజోస్ నది పల్లపు భూములు, మలేరియా కూడా, అన్నాను. చెరకాకు అంచు ఎలా కోస్తుందో, తడి చేలో నరుకుతుంటే ఆ గాట్లు ఎన్నాళ్లకీ ఎలా మానవో కారు ఎక్కాక చెప్పారు, చెబుతూ తన అరచెయ్యి చూసుకున్నారు. చెరకు కోసం మనవాళ్లూ సముద్రాలు దాటారు లెండి, మారిషస్‌లో తెలుగువాళ్లని కోరంగీలు అనేవారు, ఎక్కిన రేవు పేరు పెట్టి. కాకపోతే అది వేరే కథ, రెండూ ఒకటే అని నేను అనను.

అసలు చెప్పాల్సింది రెజినాల్డ్ మూర్ గురించి. ఒకప్పుడు ఇక్కడి జైల్లో గార్డు. ఈ నేలలో ఖైదీల సమాధులు ఉన్నాయని ఏళ్ల తరబడి మొత్తుకున్నాడు, కట్టేముందు ఒకసారి చూడండని అధికారుల చుట్టూ తిరిగాడు. ఎవరు విన్నారు? ఎముక బయటపడ్డాకే విన్నారు. ఆ తర్వాత కూడా అస్థికల్ని వేరే శ్మశానానికి తరలిద్దామని ఊరి పెద్దలు చూశారు, జనం ఒప్పుకోలేదు. చివరికి 2019 నవంబర్‌లో ఎక్కడ దొరికినవాళ్లని అక్కడే మళ్లీ పూడ్చిపెట్టారు. మరుసటేడే మూర్ పోయాడు.

ఇక్కడికి అమ్మానాన్నలు వస్తే మనం చూపించేవి నాసా, గాల్వెస్టన్ బీచ్, గుడి. తప్పేం లేదు, నేనూ అదే చేశాను, పదేళ్లు ఇక్కడుండి కూడా ఈ చోటు సంగతి నాకు తెలీదు. మీరు మాత్రం ఆ బీడు భూమి మాటకి ఒక సవరణ వేయండి. చిన్న బాక్సు కట్టి వేసినా చాలు, 95 అన్న అంకె మాత్రం అందులో ఉండాలి.

— ఒక పాఠకురాలు, షుగర్‌ల్యాండ్, టెక్సస్