జ్యూస్ తాగితే వారంలో రక్తం పడుతుందా?

సంపాదకుడు గారికి,

మీ ఆరోగ్యం పేజీలో ఆమధ్య వచ్చిన ‘వారంలో రక్తం పట్టించే బీట్‌రూట్ జ్యూస్’ వ్యాసం చూసి నవ్వుకుని ఊరుకుందామనుకున్నాను. తీరా మా వీధిలో ఒకావిడ, డాక్టరు రాసిన ఐరన్ మాత్రలు మానిపించి కడుపుతో ఉన్న కోడలికి పొద్దునా సాయంత్రం అదే పడుతోందని తెలిసింది. ఇక ఊరుకోవడం నా వల్ల కాలేదు.

బీట్‌రూట్ ఎర్రగా ఉంది, నెత్తురూ ఎర్రగానే ఉంది, కాబట్టి ఇది తాగితే అది పెరుగుతుంది! ఈ లెక్కన వంకాయ తిన్నవాళ్లం ఊదారంగులోకి తిరగాలి. నెత్తురుకు ఆ రంగు హిమోగ్లోబిన్‌లోని ఇనుము వల్ల వచ్చింది. బీట్‌రూట్ రంగుకీ ఇనుముకీ సంబంధమే లేదు. వంద గ్రాముల దుంపలో ఇనుము ఒక మిల్లీగ్రాము కూడా ఉండదు. ఏ ఆహారంలో ఎంత ఉందో తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2017లో పట్టికలు వేసి మరీ పెట్టింది. అచ్చుకు పంపేముందు ఒక్కసారి తిరగేస్తే పోయేది కాదా?

ఇక ‘వారం’ సంగతి. ఎముక మజ్జలో సెకనుకు దాదాపు 20 లక్షల ఎర్రకణాలు పుడతాయి, ఇంచుమించు అన్నే చస్తాయి. ఒక్కోదాని ఆయుష్షు 120 రోజులు. చచ్చిన కణాల్లోని ఇనుమును శరీరం పారేయదు, మళ్లీ మజ్జకే చేరుస్తుంది. అలా రోజుకు 20 మిల్లీగ్రాములకు పైగా తిరుగుతుంటే, మామూలుగా తిండి నుంచి ఒంటబట్టేది ఒకటి రెండు మిల్లీగ్రాములే. నిల్వ ఒకసారి అడుగంటితే మళ్లీ నిండడానికి నెలలు పడుతుంది. హిమోగ్లోబిన్ పెరిగాక కూడా మరో రెండు మూడు నెలలు మాత్రలు మానొద్దని డాక్టర్లు చెప్పేది అందుకే.

ఈ ఎర్రకణం తనలోని కేంద్రకాన్ని సైతం బయటకు నెట్టేసి, ఆ జాగాలో హిమోగ్లోబిన్ నింపుకుంటుంది. ఒక్కో కణంలో సుమారు 27 కోట్ల అణువులు! మోసుకెళ్లే ఆక్సిజన్‌లో తన కోసం రవ్వంత కూడా వాడుకోదు. పైనుంచి కింది దాకా సరుకు చేరవేయాల్సిన మన ప్రభుత్వ యంత్రాంగానికి ఈ గుణం కొంచెం అబ్బినా బాగుండేది.

2018లో కేంద్రం వాళ్లు ‘అనీమియా ముక్త్ భారత్’ (రక్తహీనత లేని భారతం) అన్నారు. పదేళ్లు దాటిన బడిపిల్లలకు వారానికో నీలం మాత్ర, అందులో 60 మిల్లీగ్రాముల ఇనుము. మంచి పథకమే, కాదనను. కానీ నేను పనిచేసిన ఒక బడిలో జరిగింది చెబుతాను. నెలల తరబడి మాత్రలుండవు, గడువు ముంచుకొచ్చాక పెట్టెలకు పెట్టెలు దిగుతాయి. అన్నం తిన్నాకే వేసుకోవాలి, వెంటనే టీ తాగకూడదు, విరేచనం నల్లగా అయితే భయపడొద్దు అని పిల్లలకు చెప్పే నాథుడుండడు. పరగడుపున మింగిన ఒక పిల్ల వాంతి చేసుకుంటే మిగతావాళ్ల మాత్రలన్నీ కిటికీలోంచి తుప్పల్లోకి. రిజిస్టరులో మాత్రం అందరికీ టిక్కులే. మాత్రలు వేసుకుంటే బిడ్డ నల్లగా పుడుతుందని భయపడే గర్భిణులు ఇప్పటికీ ఉన్నారు. వాళ్లకు నచ్చజెప్పాల్సిన ఊరి నర్సు ఏఎన్‌ఎంకేమో ఫోన్లో వివరాలు ఎక్కించడంతోనే పొద్దుపోతోంది.

ఫలితం కళ్లముందే ఉంది. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15-49 ఏళ్ల ఆడవాళ్లలో రక్తహీనత ఆంధ్రప్రదేశ్‌లో 2015-16లో 60 శాతం, 2019-21లో 58.8 శాతం. ఇంతకే సభలూ సన్మానాలూనూ!

పైగా రక్తం తక్కువైన ప్రతివారికీ లోపించింది ఇనుమే అనుకోవద్దు. విటమిన్ బి12 చాలకా కావచ్చు. ఏజెన్సీ బిడ్డల్లో సికిల్ సెల్ జబ్బు కావచ్చు, అందులో ఎర్రకణాలు కొడవలిలా వంగి తొందరగా చచ్చిపోతాయి. థలసీమియా అనే రక్తజబ్బుతో తరచూ రక్తం ఎక్కించుకునే పిల్లలకైతే ఒంట్లో ఇనుము పేరుకుపోవడమే ప్రమాదం. పరీక్ష చేయించుకోమని ఒక్క వాక్యం రాయడానికి మీ పేజీలో చోటు లేకపోయింది గానీ, జ్యూసు గ్లాసు బొమ్మకు సగం పేజీ దొరికింది.

సవరణ వేసే ఉద్దేశముంటే టెండరు ప్రకటనల కింద ఇరికించకుండా ఆ ఆరోగ్యం పేజీలోనే, అంతే పెద్ద అక్షరాల్లో వేయండి.

— విశ్రాంత జీవశాస్త్ర ఉపాధ్యాయుడు, గుంటూరు జిల్లా