రిక్ చెయ్యి ఎందుకు తెగలేదంటే...

సంపాదకులకు,

కామిక్స్ పాత్రల్ని టీవీ వాళ్లు పాడుచేస్తారని అభిమానులు తిట్టిపోస్తుంటారు. చాలాసార్లు తప్పు రచయితది కాదు, షూటింగ్ కష్టాలది.

‘ది వాకింగ్ డెడ్’ కామిక్‌లో గవర్నర్ అని పిలిపించుకునే విలన్, కథానాయకుడు రిక్ కుడిచెయ్యి నరికేస్తాడు. కాగితం మీద అది బొమ్మలో ఒక చెయ్యి తగ్గడమే. టీవీలో అయితే నటుడి చేతికి ఆకుపచ్చ తొడుగు వేసి, ఆనక కంప్యూటర్లో ఒక్కో షాటూ చెరపాలి. రిక్ లేని సీనే తక్కువ. ఏళ్ల తరబడి ఆ ఖర్చు ఎవరు మోస్తారు? అందుకే టీవీ రిక్‌కి గవర్నర్ చేతిలో ఆ గతి పట్టలేదు. అతని కొడుకు కార్ల్‌తో ఇంకో తంటా. కథలో గడిచేవి నెలలే. నటించే పిల్లాడికి ఈలోగా గొంతు మారిపోతుంది, పొడుగైపోతాడు. ఇక టీవీలో కనిపించే డారిల్ అనే పాత్ర కామిక్‌లో లేనే లేదు. ఆడిషన్‌కి వచ్చిన నార్మన్ రీడస్ నచ్చి, అతని కోసమే ఆ పాత్ర పుట్టించారు.

1977 నాటి హల్క్ సీరియల్ చూడండి. కామిక్‌లో మైళ్ల దూరం దూకే, మాట్లాడే హల్క్ ఇక్కడ తలుపులు విరగ్గొట్టి గర్జిస్తాడంతే. గ్రాఫిక్స్ లేని రోజుల్లో ఒంటికి ఆకుపచ్చ రంగు పూసుకున్న లూ ఫెరిగ్నో అంతకంటే ఏం చేయగలడు?

అయితే హల్క్‌గా మారే మనిషి బ్రూస్ బానర్ పేరుని డేవిడ్ చేయడం మాత్రం ఖర్చు ఖాతాలో వేయలేం. ఇంటిపేరూ అసలు పేరూ ఒకే అక్షరంతో మొదలవడం నిర్మాత కెన్నెత్ జాన్సన్‌కి నచ్చలేదు. హల్క్‌ని ఎర్రగా మారుద్దామనీ అడిగాడు. హల్క్ సృష్టికర్తల్లో ఒకడైన స్టాన్ లీ ససేమిరా అన్నాడు.

– ఒక పాఠకుడు