ఆ కుర్చీల్ని తుక్కు అనకండి

సంపాదకులకు నమస్కారం,

పోయిన ఆదివారం మీ పేపర్లో చండీగఢ్ పాత కుర్చీలు ఫారిన్ వేలంలో లక్షలు పలికాయని వేసి, పైన ‘తుక్కుకి పట్టిన అదృష్టం’ అని హెడ్డింగు పెట్టారు. రాద్దామా వద్దా అని నాలుగు రోజులు ఊరుకున్నా, ఇక మనసొప్పక రాస్తున్నా. అదృష్టం ఎవరికి పట్టిందండీ? ప్రజల డబ్బుతో చేయించిన టేకు కుర్చీలు మన ఆఫీసర్లే తుక్కు కింద అమ్మేస్తే, వాటిని కొన్నవాడికి పట్టింది.

ఫిబ్రవరిలో మేం నలుగురం, ఒకే ఆఫీసులో రిటైరైనవాళ్ళం, చండీగఢ్ వెళ్ళొచ్చాం. చాలామంది రాక్ గార్డెన్, సుఖ్నా లేక్ చూసి వచ్చేస్తారు గానీ మాలో ఒకాయన ఇంజినీరు, క్యాపిటల్ కాంప్లెక్స్ చూడందే కదలనన్నాడు. ఊరికి ప్లాను గీసిన విదేశీ ఆర్కిటెక్టు లె కార్బూజియే కట్టిన అసెంబ్లీ, హైకోర్టు, సెక్రటేరియట్ ఉన్న చోటది, 2016లో యునెస్కో వారసత్వ జాబితాలో చేరినవి. ప్లాస్టరింగ్ లేని కాంక్రీటు, సెంట్రింగ్ చెక్కల గీతలు ఇప్పటికీ అలాగే ఉన్నాయి, మావాడు వేలితో చూపిస్తూ ఒక్కో చెక్క అతుకూ లెక్కపెట్టాడు. 26 మీటర్ల ఎత్తున్న ఓపెన్ హ్యాండ్, అంటే తెరిచిన చేతి ఆకారంలో ఉన్న శిల్పం, గాలికి మెల్లగా తిరుగుతుంటే నలుగురం తలెత్తి అలా నిలబడిపోయాం.

మర్నాడు సెక్టార్ 5లో పియర్ జానరే ఇల్లు చూశాం, ఇప్పుడది మ్యూజియం. కార్బూజియేకి వరసకి తమ్ముడు, 1951లో వచ్చి 1965 దాకా అక్కడే ఉండి ఊరు కట్టించాడు, 1967లో పోతే ఆయన అస్థికలు సుఖ్నాలోనే కలిపారు. ఆఫీసులకీ కాలేజీలకీ ఆ కుర్చీలు గీసిచ్చింది ఆయనే. తిరగేసిన ఇంగ్లీషు వీ (V) అక్షరంలాంటి కాళ్ళు, కేన్ అల్లిక, వెనకాల పెయింటుతో ఏ ఆఫీసుదో ఆ అక్షరాలూ నంబరూ. నేను ముప్ఫై ఏళ్ళు స్టోర్ కీపర్ని, ఆ నంబరేంటో నాకు తెలుసు, మేమూ ప్రతి కుర్చీకీ అలాగే రాసి డెడ్ స్టాక్ రిజిస్టర్లో, అంటే ఆఫీసు సామాన్ల లెక్కల పుస్తకంలో, ఎక్కించేవాళ్ళం. సర్కారు సొత్తు అని చెప్పే ఆ నంబరే ఇవాళ వేలంలో కుర్చీ అసలుదని సాక్ష్యం, అది ఉంటేనే ధర!

కాలు వదులైతే వడ్రంగిని పిలిస్తే గంట పని. కానీ పిలవరు, ఎందుకంటే రిపేరుకి శాంక్షన్ రాదు, కొత్తదానికి వస్తుంది. పాతవి వరండాలో వానకి తడుస్తాయి, తర్వాత కండెమ్ చేసి లాటు కింద వేలం. ఇది ఒక్క చండీగఢ్ జబ్బు కాదు, నా సర్వీసంతా చూసింది ఇదే, అప్పుడు నోరెత్తలేకపోయాను, అది నాకు బాధే.

అమ్మొద్దని కేంద్ర హోం శాఖ ఉత్తర్వు ఇచ్చేసరికి 2011, అప్పటికే ఎన్నో దేశం దాటాయి. పురావస్తువుల చట్టం 1972 నాటిది, దాని ప్రకారం పురావస్తువు అనిపించుకోవాలంటే వస్తువుకి వందేళ్ళు నిండాలి, వీటికేమో అరవై డెబ్బై. ఢిల్లీలో హాల్ ఆఫ్ నేషన్స్ అనే ఎగ్జిబిషన్ హాలుకీ ఇలాంటి వయసు లెక్కే అడ్డొచ్చింది, కట్టడానికి అరవై ఏళ్ళు నిండలేదని వారసత్వంగా గుర్తించకుండా వదిలేశారు, 1972లో కట్టినదాన్ని 2017లో రాత్రికి రాత్రి కూల్చేశారు. స్వతంత్రం వచ్చాక మనం కట్టుకున్నవి, చేసుకున్నవి అన్నీ ఈ లెక్కలోనే పోతున్నాయి, చట్టం మారాలి.

మీ విలేకరిని ఒక్క పని చేయమనండి సార్. ఈసారి వేలం వార్త వచ్చినప్పుడు ధరతో ఆపకుండా, కుర్చీ వెనక నంబరు చూసి, అది ఏ ఆఫీసు రిజిస్టర్లోంచి ఎప్పుడు కొట్టివేశారో, కొట్టివేస్తూ పెట్టిన సంతకం ఎవరిదో కనుక్కుని వేయండి.

ఇట్లు,
ఒక రిటైర్డ్ స్టోర్ కీపర్,
రాజమహేంద్రవరం