మా మనవరాలి కోసం నిలబడినవారికి కృతజ్ఞతలు

దేవరకొండలో పుట్టిన మా అమ్మాయి కూతురు కామెర్ల నుంచి కోలుకుని ఇంటికి వచ్చింది. చాలామందికి ఒక్కొక్కరుగా చెప్పలేక ఇక్కడ రాస్తున్నాను.

మొదటి దండం మా వీధి ఆశా కార్యకర్తకు. పుట్టిన మర్నాడే పాప అరికాళ్లు కూడా పచ్చబడటం చూసి, ఆమె మమ్మల్ని వెంటనే నల్లగొండకు బయలుదేరదీసింది. పొద్దుటి ఎండ చూపిస్తే పోతుందన్న పెద్దల మాట ఆమె దగ్గర సాగలేదు.

అక్కడ తేలిందేమిటంటే తల్లి రక్తం గ్రూపు ఓ పాజిటివ్, పాపది ఏ పాజిటివ్. గ్రూపులు కలవక, తల్లి నుంచి వచ్చిన ప్రతిరక్షకాలు (యాంటీబాడీలు) పాప ఎర్ర రక్తకణాలను విరిచేస్తున్నాయి. అలా పుట్టే బిలిరుబిన్ అనే పసుపు పదార్థం మితిమీరితే మెదడు లోతుల్లోని నాడీకణాల గుంపుల్లో చేరి వినికిడినీ కదలికలనూ దెబ్బతీస్తుంది. దాన్నే కెర్నిక్టెరస్ అంటారట.

ఇంతలో బంధువు ఒకాయన ఫోను చేసి, పుట్టగానే వేసిన విటమిన్ కె సూదే దీనికంతటికీ కారణమని తేల్చేశాడు. ఇంట్లో ఏడుపులు. పిల్లల డాక్టరుగారు విసుక్కోలేదు. ఆ మాటకు ఒక మూలం ఉందని కూర్చోబెట్టి చెప్పారు. మెనాడియోన్ అనే కృత్రిమ పదార్థం నుంచి తయారైన, నీటిలో కరిగే విటమిన్ కె మందులను 1950లలో నెలలు నిండని శిశువులకు పదుల మిల్లీగ్రాములు ఇచ్చేవారు. వాటితో రక్తకణాలు విరిగి కెర్నిక్టెరస్ వస్తోందని 1955లో బ్రిటన్ వైద్యులు లాన్సెట్ పత్రికలో హెచ్చరించారు. ఇప్పుడు వేసేది కె1 అనే రకం, అదీ ఒక మిల్లీగ్రాముకు మించదు. అది రక్తస్రావం రాకుండా కాపాడేదే తప్ప ఈ కామెర్లకు కారణం కాదు. అంత ఓపికగా చెప్పినందుకు ఆయనకు మా ఇల్లంతా రుణపడి ఉంది. బంధువుగారికీ ఈ పేరా పంపుతున్నాను.

కామెర్లు తగ్గించే నీలి దీపాల కింద రాత్రంతా పాపను కనిపెట్టుకున్న నర్సమ్మలకు నమస్కారం. ఎండ తగిలిన చోట శిశువు చర్మం పచ్చదనం తగ్గడాన్ని 1956లో ఇంగ్లండులోని రోచ్‌ఫర్డ్ ఆసుపత్రిలో గమనించింది సిస్టర్ వార్డ్ అనే నర్సేనని వాళ్లే గర్వంగా చెప్పారు. మన పెద్దల ఎండ మాట పూర్తిగా గాలిమాట కాదన్నమాట. కాకపోతే కొలత లేని ఎండను నమ్ముకునే స్థితి కాదు మాది.

రక్తమార్పిడి అవసరం పడవచ్చని తెలిసి మిర్యాలగూడ నుంచి అర్ధరాత్రి బండ్లపై వచ్చిన ‘ఓ’ గ్రూపు రక్తమున్న కుర్రాళ్లను ఎలా మరచిపోతాను? దీపాలతోనే బిలిరుబిన్ దిగింది, వారి రక్తం అవసరం కాలేదు. అయినా తెల్లారేదాకా కదల్లేదు. పేర్లు రాయవద్దన్నారు. సరే బాబూ, రాయను. తొట్టెల రోజు మాత్రం మీరు రావాల్సిందే, కబురు పంపుతాను.